అమెరికా ఫోను, మా ఊరి టవరు

దసరా సెలవులకు డాలస్ నుంచి వచ్చిన మా అన్న కొడుకు వాళ్ళ నానమ్మ కోసం ఒక 5జీ ఫోను తెచ్చాడు. దేవరకొండ దాటి చందంపేటకు పోయే దారిలో, గుట్టల నడుమ ఉన్న మా ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను దేవరకొండలో ఉండి హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మిగిలిన వాళ్ళంతా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు కనుక, అమ్మకు ఫోను అంటే మనుమల ముఖాలు చూసుకునే అద్దం. అప్పటిదాకా ఆమె వాడింది ఐదేళ్ళ కింద నేను నల్లగొండలో ఎనిమిది వేల లోపు ధరకు కొన్న 4జీ ఫోను. దాని అద్దం ఒక మూలన బీటలు వారింది, వెనుక రబ్బరు కవరు పసుపు రంగుకు తిరిగింది. కొత్తదాని పెట్టె విప్పగానే పాతదాన్ని బీరువాలో పడేశాం.

మొదటి రోజు ఫోన్ కాలే పోలేదు. సెట్టింగుల్లో వోల్టీ, అంటే మాటను 4జీ డేటాగా పంపే ఏర్పాటు, మీట ఆపి ఉందని, దాన్ని వేస్తే సరిపోతుందని మావాడు కనిపెట్టి ఆ పని చేశాడు. అన్ని ఫోన్ల విషయంలో ఇంత సులభంగా తేలదు. జియో వంటి నెట్‌వర్కులో 2జీ, 3జీ మొదటి నుంచీ లేవు కాబట్టి అందులో మాట కూడా 4జీ లేదా 5జీ డేటాగానే ప్రయాణం చేయాలి. బయటి దేశం కోసం తయారైన ఫోనులో మన నెట్‌వర్కు వోల్టీకి ఏర్పాటు లేకపోతే వాట్సాప్ నడుస్తుంది గానీ మామూలు ఫోన్ కాల్ పోదు. మాకు ఆ గండం గడిచింది. అసలు చిక్కు మావాడు తిరిగి విమానం ఎక్కిన తర్వాత మొదలైంది.

"గీతలైతే నిండుగనే ఉన్నయి కొడుకా, బొమ్మనే కదుల్త లేదు" అని అమ్మ రోజూ ఫోను చేసి చెప్పేది. వీడియో కాల్‌లో మనుమడి ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయి అక్కడే ఆగిపోయేది. టవరు పాతది కావచ్చునని ఒక వారం, రద్దీ కావచ్చునని మరొక వారం సరిపెట్టుకున్నాను. ఒక ఆదివారం ఊరికి పోయినప్పుడు బీరువాలోంచి పాత ఫోను తీసి చార్జింగు పెట్టి, రెండింటినీ డాబా పిట్టగోడ మీద పక్కపక్కనే ఉంచి, అదే సిమ్మును ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి మార్చి మార్చి చూశాను. పాత ఫోనులో వీడియో ఆగకుండా నడిచింది. కొత్తదాంట్లో అదే సిమ్ము, అదే టవరు, అదే పిట్టగోడ, పైగా గీతలు ఒకటి ఎక్కువే. అయినా బొమ్మ చుట్టూ ఆ సున్నా తిరుగుతూనే ఉంది.

ఫోను ఏ బ్యాండు మీద, అంటే రేడియో తరంగాల ఏ చెక్క మీద, టవరుతో మాట్లాడుతున్నదో చూపించే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. ఒకటి దించి రెండింట్లోనూ వేశాను. పాత ఫోను డాబా మీద 40 అని చూపింది, మెట్లు దిగి వంటింట్లోకి పోతే 3కు మారింది, వెనుక గదిలోని మంచం దగ్గర 5 అయింది. కొత్త ఫోను మాత్రం డాబా మీదా 5, వంటింట్లోనూ 5, వాకిట్లో వేపచెట్టు కింద కూడా 5. మొండి పిల్లవాడు ఒకే ఎక్కం అప్పజెప్పినట్టు అది వేరే అంకె పలకలేదు. సెట్టింగుల్లో ఉన్న మోడల్ నంబరును పట్టుకొని ఇంటర్నెట్‌లో వెతికితే దాని 4జీ బ్యాండ్ల జాబితా దొరికింది: 2, 4, 5, 12, 13, 66, 71. అమ్మ సిమ్ము కంపెనీ మా వైపు 4జీకి వాడేవి 3, 5, 40. రెండు జాబితాల్లోనూ ఉన్న అంకె ఒక్కటే.

భూమికి సర్వే నంబర్లు ఉన్నట్టే రేడియో తరంగాలకు బ్యాండు నంబర్లు ఉంటాయి. ఈ నంబర్లను 3జీపీపీ అనే అంతర్జాతీయ ప్రమాణాల కూటమి ఇస్తుంది. సర్వే నంబర్లలాగే వీటికీ వరుస క్రమంతో సంబంధం ఉండదు. 3 అంటే 1800 మెగాహెర్ట్జ్, 5 అంటే 850, 8 అంటే 900, 28 అంటే 700, 40 అంటే 2300. ఏ దేశం ఏ చెక్కను మొబైల్ కంపెనీలకు వేలం వేసిందన్నది ఆ దేశంలో అంతకుముందు ఆ చెక్కలో ఎవరున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఒక దేశపు పట్టా మరొక దేశంలో చెల్లదు.

అమెరికా ఫోను కథలో నాకు అన్నింటికంటే వింతగా తోచింది 66వ బ్యాండు. అందులో ఫోను నుంచి టవరుకు పోయే దారి 1710 నుంచి 1780 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. మన 3వ బ్యాండులో అదే దారి 1710 నుంచి 1785 వరకు. టవరు నుంచి ఫోనుకు వచ్చే దారి 66లో 2110 నుంచి 2200 దాకా ఉంటే, మన దగ్గరి 1వ బ్యాండులో అది 2110 నుంచి 2170 దాకా ఉంటుంది. అంటే ఆ ఫోనుకు మన 3వ బ్యాండు పోయే దారీ తెలుసు, మన 1వ బ్యాండు వచ్చే దారీ తెలుసు. కానీ ఒకే బ్యాండులో పోవడమూ రావడమూ రెండూ తెలియవు. పిల్లా పిల్లవాడూ ఇద్దరూ మంచివాళ్ళే, జాతకాలే కలవలేదన్నమాట. 700 మెగాహెర్ట్జ్ సంగతీ ఇటువంటిదే. అమెరికా వారి 12వ బ్యాండునూ మన 28వ బ్యాండునూ మాటల్లో 700 అనే అంటారు గానీ, అక్కడ టవరు నుంచి వచ్చే దారి 729 నుంచి 746 వరకు, ఇక్కడ 758 నుంచి 803 వరకు. "700 సపోర్టు చేస్తది" అన్న మాట విని కొన్నవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

గీతలు నిండుగా ఉండి డేటా ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ ఒక్క 5లోనే ఉంది. గీతలు చెప్పేది సిగ్నల్ బలాన్ని మాత్రమే. ఆ సిగ్నల్ మీద ఎంతమంది వేలాడుతున్నారో, దారి ఎంత వెడల్పో గీతలకు తెలియదు. 850, 900, 700 వంటి తక్కువ ఫ్రీక్వెన్సీలలో ఒక్కో కంపెనీకి సాధారణంగా దక్కేది 5 లేదా 10 మెగాహెర్ట్జ్ వెడల్పు. రెండు యాంటెనాలతో పనిచేసే మామూలు 4జీ ఫోనుకు 20 మెగాహెర్ట్జ్ దారి మీద కాగితం లెక్క ప్రకారం అందే గరిష్ఠ వేగం 150 ఎంబీపీఎస్ కాగా, 5 మెగాహెర్ట్జ్ మీద అది సుమారు 37కు పడిపోతుంది. అది కూడా ఆ టవరు కింద ఉన్న అందరూ పంచుకోవలసిన మొత్తం. పైగా గోడలు దాటేది, దూరం పోయేది ఈ బ్యాండే కనుక, ఇళ్ళ లోపల ఉన్నవాళ్ళూ పొలాల్లో ఉన్నవాళ్ళూ చివరకు దీని మీదికే చేరతారు. డాబా మీద నిలబడ్డ మంచి ఫోన్లు 40కి తప్పుకొని వాళ్ళకు చోటు ఇస్తాయి. మా అమెరికా ఫోనుకు తప్పుకునే చోటు లేదు.

తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ దూరం పోతుందని పిల్లలకు చెప్పేటప్పుడు నేను పెళ్ళి డీజేను గుర్తు చేస్తాను. పక్క తండాలో రాత్రి డీజే పెడితే మనకు పాట వినబడదు, ధన్ ధన్ అనే మోత మాత్రం తలుపు వేసుకున్నా వస్తుంది. ధ్వని వేరు, రేడియో తరంగం వేరు కనుక ఈ పోలికను మరీ సాగదీయకూడదు. అయినా అడ్డును చుట్టి రావడంలో పొడవైన తరంగానిదే పైచేయి అన్న సంగతి రెండింటికీ వర్తిస్తుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు, అంటే మూర కంటే కాస్త తక్కువ. 5జీకి ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగం తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. ఫ్రీక్వెన్సీ ఐదు రెట్లు పెరిగితే, అదే శక్తితో అంతే దూరం నుంచి పంపినా మామూలు యాంటెనాకు చిక్కే శక్తి 25వ వంతు అవుతుంది. కొత్త 5జీ టవర్ల మీద డజన్ల కొద్దీ చిన్న యాంటెనాలను ఒకే పలక మీద పేర్చి, తరంగాన్ని ఫోను ఉన్న వైపు గురిపెట్టడం ద్వారా ఈ నష్టాన్ని కొంత పూడుస్తారు. అయినా మా దేవరకొండ ఖిల్లా గుట్టకు ఇవతల ఉన్న టవరు అవతలి ఊరికి తొమ్మిది సెంటీమీటర్ల తరంగాన్ని అందించాలంటే కష్టమే.

ఇంతా తెలిసిన తర్వాత మావాడికి ఫోను చేస్తే "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఏమన్నా అయితదేమో చూడు బాబాయ్" అన్నాడు. వాడి మాటలో సగం న్యాయం ఉంది. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైనప్పుడు ఐఫోన్లలో అందుకు కావలసిన భాగాలన్నీ ఉండి కూడా అది పనిచేయలేదు; డిసెంబరులో ఐఓఎస్ 16.2 వచ్చిన తర్వాతే ఆ తాళం తెరుచుకుంది. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా ఆ రోజుల్లో అప్‌డేట్ కోసం ఎదురుచూశాయి. అయితే అది ఉన్న తలుపుకు వేసిన తాళం. మా ఫోనుకు తలుపే లేదు. యాంటెనా వెనుక ప్రతి బ్యాండుకూ దాని వడపోత ఉంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో నూకకు ఒక జల్లెడ, రాయికి ఒక జల్లెడ, పొల్లుకు ఒక జల్లెడ ఉన్నట్టే, ఫోను లోపల గోరు మీద పట్టేటంత చోటులో బియ్యపు గింజ కంటే చిన్న వడపోతలు వరుసగా కూర్చుని, తమ బ్యాండును తప్ప మిగిలిన తరంగాలను ఆపేస్తాయి. వాటి పక్కన సిగ్నల్‌ను పెంచి టవరు వైపు పంపే యాంప్లిఫయర్లు కూడా ఆయా ఫ్రీక్వెన్సీలకు తగ్గట్టే తయారవుతాయి. ఒక్కో వడపోతకూ ఖర్చు ఉంది, చోటు కావాలి. అందువల్ల అమెరికాలో ఒక కంపెనీ కనెక్షన్‌తో కలిపి చౌకగా అమ్మే ఫోనులో 2300 మెగాహెర్ట్జ్ జల్లెడ పెట్టాలని ఎవరికీ తోచదు. ఖరీదైన ఫోన్లలో లోకంలోని బ్యాండ్లన్నీ దాదాపుగా కుక్కుతారు కనుక, అమెరికా నుంచి వచ్చిన ప్రతి ఫోనూ ఇట్లాగే ఏడిపిస్తుందని అనుకోకూడదు. అయితే 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ము పెట్టే అర ఉండదు, ఫోను లోపలే ఉండే ఈసిమ్ మాత్రమే పనిచేస్తుంది. ఊళ్ళల్లో ఒక ఫోను చెడితే సిమ్ము తీసి పక్కింటివాళ్ళ ఫోనులో వేసుకొని ఓటీపీ చూసుకునే మా అలవాటుకు అది మరొక ఇబ్బంది.

5జీ బ్యాండ్ల సంగతి దీనికంటే కాస్త మెలికగా ఉంటుంది. అంకె ముందు ఎన్ అనే అక్షరం చేర్చి ఎన్78, ఎన్28 అంటారు. 2022 జూలై 26న మొదలై ఆగస్టు 1న ముగిసిన వేలంలో లక్షా యాభై వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన స్పెక్ట్రం అమ్ముడుపోయింది. అందులో 3300 మెగాహెర్ట్జ్ పైన ఉన్న ఎన్78ను జియో, ఎయిర్‌టెల్ రెండూ 100 మెగాహెర్ట్జ్‌కు తగ్గకుండా కొన్నాయి. పట్నాల్లో 5జీ అంటే మనం చూసే వేగం ఈ వెడల్పు పుణ్యమే. 700 మెగాహెర్ట్జ్ మాత్రం 2016 వేలంలోనూ 2021 వేలంలోనూ ధర ఎక్కువని ఎవరూ కొనక మిగిలిపోయింది; 2022లో జియో ఒక్కటే 22 సర్కిళ్ళలోనూ 10 మెగాహెర్ట్జ్ చొప్పున దాన్ని తీసుకుంది. సర్కిల్ అంటే టెలికాం లైసెన్సుల కోసం దేశాన్ని విడగొట్టిన ప్రాంతం. ఆ మాట వచ్చింది కనుక చెబుతున్నాను, రాష్ట్రం 2014లో వేరుపడినా టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ ఇంకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. పోరాడి తెచ్చుకున్న రాష్ట్రం ఈ ఒక్క కాగితం మీద మాత్రం ఇంకా ఎక్కలేదని మా స్టాఫ్‌రూములో అప్పుడప్పుడూ నవ్వుకుంటాం.

గుట్టల మధ్య, అడవి అంచున ఉండేవాళ్ళకు ఎన్78 ఉందా అన్నది రెండో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న దూరం పోయే 700 మెగాహెర్ట్జ్, అంటే ఎన్28, ఉందా అన్నది. 2020, 2021 ప్రాంతాల్లో 5జీ పేరుతో అమ్మిన కొన్ని ఫోన్లలో ఒకటి రెండు 5జీ బ్యాండ్లు మాత్రమే ఉండేవి. దేశంలో 5జీ అప్పటికింకా రాలేదు కనుక అడిగినవాడూ లేడు. బీఎస్ఎన్ఎల్ తన 4జీని 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద, అంటే 28, 1 బ్యాండ్ల మీద నడుపుతోంది. నల్లమలలో మన్ననూరు దాటి శ్రీశైలం దారి పట్టేవాళ్ళు తమ పాత 4జీ ఫోనులో 28 ఉందో లేదో చూసుకోవాలి. అది లేని ఫోన్లు ఒకప్పుడు బాగా అమ్ముడుపోయాయి.

బ్యాండు ఉన్నా సరిపోని సందర్భం ఒకటి ఉంది. 5జీని రెండు రకాలుగా నడుపుతారు. ఒకటి తన కాళ్ళ మీద తాను నిలబడే ఎస్ఏ, రెండోది 4జీ భుజం పట్టుకొని నడిచే ఎన్ఎస్ఏ. జియో మొదటి నుంచీ ఎస్ఏ పద్ధతిని ఎంచుకుంది. ఎయిర్‌టెల్ ఎన్ఎస్ఏతో మొదలుపెట్టింది. ఎన్ఎస్ఏలో ఫోను ముందు 4జీని పట్టుకొని, ఆ పైన 5జీని కలుపుకుంటుంది కనుక 4జీ బ్యాండు దొరకనిచోట 5జీ కూడా దొరకదు. పైన 5జీ గుర్తు వెలుగుతున్నా డేటా 4జీ మీదనే పోతుండే వేళలు కూడా ఇందులో ఉంటాయి. 2024 చివర్లో పది వేల లోపు ధరతో వచ్చిన ఒక 5జీ ఫోనుకు ఎస్ఏ మాత్రమే తెలుసు. ఎన్ఎస్ఏ నెట్‌వర్కు సిమ్ము వేసినవాళ్ళకు అది 4జీ ఫోనుగానే మిగిలింది.

ఈ చదువంతా తలలో పెట్టుకొని, నా కోసమే ఒక ఫోను కొందామని నల్లగొండలో ఒక దుకాణానికి పోయాను. ఎన్28 ఉన్నది చూపించమంటే కౌంటరు దగ్గరి పిల్లవాడు కాసేపు ఆలోచించి, "5జీ అంటే 5జీనే గద సార్, అన్నిట్ల ఒకటే ఉంటది" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. పెట్టెలు తిప్పి తిప్పి చూశాం. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెల్లో, బ్యాటరీ ఎంతో, చార్జరు ఎన్ని వాట్లో అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, బ్యాండ్లు మాత్రం మేము చూసిన పెట్టెల మీద లేవు. అక్కడే నిలబడి, పెట్టె మీది మోడల్ నంబరు చూస్తూ, తయారుచేసిన కంపెనీ భారతదేశపు వెబ్‌సైటులో ఒక్కొక్కటీ తెరిచాను. ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో అమ్మే ఫోన్లలో బ్యాండ్లు వేరుగా ఉంటాయి కనుక పేరుతో వెతకడం దండగ. మోడల్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. నాలుగింట్లో ఒకదానికి ఎన్28 లేదు, ఒకదానికి ఎన్ఎస్ఏ లేదు. మిగిలిన రెండింట్లో చవకైనది తీసుకున్నాను. ఆ పిల్లవాడు ఆ రెండింటి పెట్టెల అడుగున పెన్సిలుతో 28 అని రాసుకోవడం చూసి ముచ్చటేసింది.

అప్పుడే అమ్మకు కూడా ఒకటి కొందామనుకున్నాను గానీ ఆమె ఒప్పుకోలేదు. "మనుమడు అంత దూరం నుంచి తెచ్చిండు, దాన్ని పక్కకు పెడితే వాడేమనుకుంటడు" అంది. ఆ ఫోను తెర పెద్దది, బొమ్మ కళ్ళకు హాయిగా కనబడుతుంది, కెమెరా కూడా మంచిదే. లేనిదల్లా మా ఊరి టవరుతో మాటామంతీ. కనుక సిమ్మును మళ్ళీ పాత ఫోనులోకి మార్చి, హాట్‌స్పాట్ పెట్టి, డాబా మెట్ల పక్క కిటికీలో, 40వ బ్యాండు అందే చోట, చార్జరు వైరుతో సహా కూర్చోబెట్టాను. అమెరికా ఫోనుకు ఇప్పుడు డేటా ఆ బీటలు వారిన ఎనిమిది వేల ఫోనే పోస్తోంది. పోయిన ఆదివారం డాలస్ నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడు, "ఫోను మంచిగ నడుస్తుందా నానమ్మా" అని మావాడు అడిగాడు. అమ్మ కిటికీ వైపు ఒకసారి చూసి, "నడుస్తుంది బిడ్డా" అని చెప్పింది.